పొలిమేర కావలి: పొరుగు రాజ్యముల పొత్తు

రెండు పొలముల నడుమనున్న గట్టును కాచుటకు ఇద్దరు రైతులు కలిసి యొక కావలివానిని పెట్టుకొనినచో ఖర్చు తగ్గును, పంట దక్కును, ఒక చేనిలో దొంగిలించినవాడు గట్టు దాటి రెండవ చేనిలో దాగుటకు వీలుండదు. ఇంతవరకు ఆక్షేపించువారుండరు. కాని ఆ కావలివాడు దారిన పోవు నిరపరాధిని పట్టి కొట్టినచో, ఆ బాధితుడు ఏ రైతు గడప తొక్కవలెను? ఒకడు "వాడు నీ చేనిలో నుండగా కొట్టినాడు" అనును. రెండవవాడు "వాని జీతము నీవిచ్చుచున్నావు" అనును. పొరుగు రాజ్యములు సరిహద్దు కాపుదలలో పొత్తు కలిసినప్పుడెల్ల ప్రజలలో పుట్టు అలజడికి మూలము ఈ ప్రశ్నయే యని మా యభిప్రాయము. ఆ అలజడిని అజ్ఞానమనియు, పరదేశ ద్వేషమనియు తోసివేయుట పాలకులకు పరిపాటి. అది యెల్లవేళల నట్లు కాదని చరిత్ర చెప్పుచున్నది.

ఇందుకు ఉత్తర అమెరికాలోని కెనడాకును అమెరికా సంయుక్త రాష్ట్రములకును నడుమనున్న సరిహద్దును ఉదాహరణముగా గైకొందుము. బద్ధవైరముగల రాజ్యముల నడుమ ఇట్టి పొత్తు కుదరదు, కుదిరినను నిలువదు. కెనడా, అమెరికాలు అట్టివి కావు. భాష, వర్తకము, వివాహ సంబంధములు, ఆటపాటలు అన్నియు గలసినవి. వాని సరిహద్దు, అలాస్కా వైపునున్న 2,475 కిలోమీటరులతో గూడ, 8,891 కిలోమీటరులు. 1783, 1818, 1842, 1846 సంవత్సరముల ఒడంబడికలతో ఆ రేఖ అంచెలంచెలుగా ఏర్పడినది. మహాసరస్సులలో యుద్ధనౌకలను మిక్కిలి పరిమితముగా నుంచుకొనవలెనని 1817లోనే ఇరుపక్షములును అంగీకరించినవి. అడవులలో ఆ రేఖ వెంబడి ఆరు మీటరుల వెడల్పున చెట్లు కొట్టి బాట తీసి, అది మరల చిగిర్పకుండ చూచుటకు ఉభయ దేశముల సంఘమొకటి పనిచేయుచున్నది. ఇంత స్నేహముగల చోటనే ప్రజలు శంకించినారన్నచో ఆ శంకకు కారణమేమో విచారింపదగియున్నది.

మొదటి గొప్ప వివాదము బానిసల విషయమున కలిగినది. బ్రిటిషు సామ్రాజ్యమున 1834లో బానిసత్వము రద్దయినది. అమెరికా దక్షిణ రాష్ట్రములలో అది నిలిచియేయున్నది. కనుక ఉత్తరమునకు పారిపోయి ఎల్ల దాటిన నల్లవాడు స్వతంత్రుడగుచుండెను. 1841లో ఆర్కన్సా రాష్ట్రము నుండి నెల్సన్ హాకెట్టను బానిస యజమానుని గుఱ్ఱమెక్కి కెనడా చేరెను. దొంగతనము చేసినవాడను నెపముతో కెనడా అధికారులు 1842 ఫిబ్రవరిలో అతనిని తిరిగి అప్పగించిరి. గుఱ్ఱమునకై అడిగినారా, మనిషికై అడిగినారా యను సందేహమునకు తావు లేదు. ఇంగ్లండులోను కెనడాలోను బానిసత్వ విరోధులు మిక్కిలి ఆగ్రహించిరి.

ఆ యేటనే బ్రిటను, అమెరికాలు వెబ్స్‌టరు-ఆష్‌బర్టను ఒడంబడిక చేసికొనినవి. దాని పదియవ ప్రకరణము నేరస్థుల అప్పగింతను గూర్చినది. హత్య, హత్యా ప్రయత్నము, సముద్రపు దోపిడి, గృహదహనము, దోపిడి, కూటపత్ర సృష్టి - ఈ నేరములు చేసి పారిపోయినవారిని పరస్పరము అప్పగించుకొనవలెను. సామాన్య చౌర్యము అందు లేదు. అంతకంటె ముఖ్యమైన నియమమొకటి కలదు: పారిపోయినవాడు ఏ దేశమున దొరికెనో ఆ దేశపు చట్టమును బట్టి నిర్బంధించుటకు తగిన సాక్ష్యముండవలెను. వినుటకు ఇది చిన్నమాట. పదునెనిమిదేండ్లకు అదియే ఒక మనిషి ప్రాణమునకు ఆధారమైనది.

జాన్ ఆండర్సన్ మిస్సౌరీ రాష్ట్రమున బానిసగా పుట్టినవాడు. వివాహమైన పిమ్మట యజమానుడతనిని దూరమున నున్న వేరొకనికి అమ్మివేసెను. భార్యాబిడ్డలను విడిచి పోవలసివచ్చెను. 1853 సెప్టెంబరులో అతడు పారిపోయెను. దారిలో సెనెకా డిగ్జెస్ అను శ్వేతజాతి రైతు అడ్డగించి పట్టుకొనబోయెను. అనుమతి చీటి లేక తిరుగు బానిసను పట్టుకొను అధికారము మిస్సౌరీ చట్టము ఆ రైతున కిచ్చినది. పెనుగులాటలో ఆండర్సన్ కత్తితో పొడిచెను. కొలది దినములకు డిగ్జెస్ మరణించెను. ఆండర్సన్ కెనడా చేరి, పేరు మార్చుకొని, కూలిపని చేసికొని బ్రదుకుచుండెను. 1860లో అతని సంగతి బయటపడెను. బ్రాంట్‌ఫర్డులోని మేజిస్ట్రేటు అతనిని నిర్బంధింపగా, హంతకుని అప్పగింపుడని అమెరికా కోరెను.

ఇక్కడ విషయమును పాఠకులు జాగ్రత్తగా గమనింపవలెను. ఆండర్సన్ కత్తితో పొడిచిన సంగతి ఎవరును కాదనలేదు. అప్పగింతను వ్యతిరేకించినవారు హంతకులను కాపాడవలెనని కోరలేదు. ఒడంబడిక యక్కరలేదనియు అనలేదు. వారి వాదము వేరు. కెనడాలో ఒక స్వతంత్రుని బలవంతముగా బంధించి దాస్యమునకు ఈడ్చుకొనిపోవ నెవడైన ప్రయత్నించినచో, అతడు ప్రతిఘటింపవచ్చును. ఆ ప్రతిఘటనమున ప్రాణనష్టము కలిగినను కెనడా చట్టము దానిని హత్య యనదు. ఒడంబడిక ప్రకారము కెనడా చట్టముతోనే కొలువవలెను గదా. అట్లు కొలిచినచో ఇది హత్య ఎట్లగును? ప్రధాన న్యాయమూర్తి జాన్ బెవర్లీ రాబిన్సన్ దీని కొప్పుకొనలేదు. మిస్సౌరీలో డిగ్జెస్ చట్టబద్ధముగనే వర్తించినాడు కావున, ఆ చట్టమునే లెక్కలోనికి తీసికొనవలెననియు, మిగిలిన సంగతి అక్కడి జూరీ చూచుకొనుననియు ఆయన నిర్ణయము. 1860 డిసెంబరు 15న టొరొంటోలోని ఆస్‌గూడ్ హాలులో ధర్మాసనము ఇద్దరొకవైపు, ఒకరొకవైపుగా తీర్పు చెప్పినది. అప్పగింపవలసినదేనని తీర్పు. భిన్నాభిప్రాయమిచ్చినవాడు న్యాయమూర్తి ఆర్చిబాల్డు మెక్లీను.

రాబిన్సన్ దుష్టుడు కాడు. బానిసత్వము నతడు మెచ్చినవాడును కాడు. పొరుగు రాజ్యమునకిచ్చిన మాటను నిలుపుకొనవలెనను ధర్మనిష్ఠ అతనిని ఆ తీర్పునకు నడిపినది. ఒడంబడికలు చెడుపు చేయుటకు చెడ్డవారే యక్కరలేదని దీనివలన మేము గ్రహించుచున్నాము.

తీర్పునాడు ఆస్‌గూడ్ హాలు ముందర జనము గుమిగూడిరి. పారిపోయివచ్చి ఆ నగరమున స్థిరపడిన నల్లవారును అందులో నుండిరి. వారిలో అనేకులకు ఆండర్సన్ కథ తమ కథయే. అతనిని బలాత్కారముగా విడిపింతురేమోయని ప్రభుత్వము సాయుధులను సిద్ధముగా నుంచెను. జనము అట్టి పని చేయలేదు. సభలు చేసిరి, విజ్ఞాపనములు వ్రాసిరి, జార్జి బ్రౌను నడుపుచుండిన 'గ్లోబు' పత్రిక వారి పక్షమున వాదించెను. రెండవపక్షమును లేకపోలేదు. అప్పగింత నిరాకరించినచో అమెరికాలో నరహత్య చేసిన ప్రతివాడును కెనడాకే వచ్చి చేరునని కొందరు భయపడిరి. దక్షిణ రాష్ట్రములు అమెరికా సమాఖ్యనుండి విడిపోవుటకు సిద్ధమగుచున్న ఆ సమయమున పొరుగువారితో కయ్యము తగదని మరికొందరి మతము. అటార్నీ జనరలైన జాన్ మాక్డొనాల్డు ప్రభుత్వపక్షమున వ్యాజ్యమును నడపుచునే, ముద్దాయి అప్పీలునకగు ఖర్చును ప్రభుత్వమే భరించునట్లు చేసెను. తరువాత అతడే కెనడా సమాఖ్యకు మొదటి ప్రధానమంత్రి యయ్యెను.

ఈ సంగతి లండను చేరినది. బ్రిటిషు బానిసత్వ విరోధ సంఘమువారు అచ్చటి ధర్మాసనము నాశ్రయింపగా, 1861 జనవరిలో అది హెబియస్ కార్పస్ ఆజ్ఞ నిచ్చినది: ఆండర్సను దేహమును ఇంగ్లండునకు తెచ్చి మా యెదుట నిలుపుడని దాని భావము. కెనడాలో నప్పుడు మరియొక కలకలము. అప్పగింతను నిరసించినవారే, మా న్యాయస్థానములుండగా లండను జోక్యమేమని నొచ్చుకొనిరి. ఒకవైపు అమెరికా, మరియొకవైపు ఇంగ్లండు. నడుమ తమ చట్టమునకు విలువ లేదా యని వారి బాధ. ఇంతలో టొరొంటోలోనే మరియొక న్యాయస్థానము ఫిబ్రవరి 16న ఆండర్సన్‌ను విడిచిపెట్టినది. కారణము బానిసత్వమును గూర్చిన గొప్ప సూత్రమేమియు కాదు. వారంటులో 'హత్య' యను మాట లేదు; 'పొడిచి చంపెను' అని మాత్రమే యున్నది. చంపుట యెల్ల హత్య కాదు గనుక వారంటు చెల్లదనిరి. న్యాయమూర్తులు ఈ సన్నని సందునుండి బయటపడిరని హేళన చేయవచ్చును. మనిషి బ్రదికినాడు. అతడు ఇంగ్లండునకు పోయి కొంత చదువుకొని, పిమ్మట లైబీరియాకు వెడలిపోయెను. ఇంగ్లండు పార్లమెంటు 1862లో, తగిన న్యాయస్థానములుగల వలసరాజ్యములకు అట్టి యాజ్ఞలు పంపరాదని శాసనము చేసెను.

ఆ నాటి జనుల గెలుపు కొంత ఒడంబడికవలననే కలిగినదని మరువరాదు. ఏ దేశపు చట్టము వర్తించునో అందు వ్రాసియుండెను గనుక వాదించుటకు ఒక వాక్యమైన దొరికినది. న్యాయస్థానము బహిరంగముగా విచారించినది గనుక జనము వినిరి. అర్ధ శతాబ్దము తరువాత జరిగిన కథలో ఈ రెండును లేవు. అది మన దేశస్థుల కథ కూడను.

ఇరువదియవ శతాబ్ది మొదట పంజాబు నుండి వేలకొలది కూలీలు, మాజీ సైనికులు కెనడా పడమటి తీరమునకును, అమెరికాలోని కాలిఫోర్నియా, ఆరెగన్, వాషింగ్టను రాష్ట్రములకును పోయిరి. వారిలో స్వరాజ్య భావములు ప్రబలుచున్నవని ఆంగ్ల ప్రభుత్వము కనిపెట్టెను. కలకత్తా పోలీసుశాఖలో పనిచేసిన విలియం హాప్కిన్సన్ అనునతడు వాంకూవరు చేరి, 1909లో కెనడా వలసశాఖ ఇన్‌స్పెక్టరయ్యెను. జీతము కెనడాది, లండనులోని ఇండియా ఆఫీసు నుండియు భత్యము వచ్చుచుండెను, అమెరికా వలసశాఖవారితో నిత్య సంబంధము. శాన్ ఫ్రాన్సిస్కోకు పోయి లాలా హరదయాళుని ఉపన్యాసములు, రాకపోకలు కనిపెట్టి వార్తలు పంపుచుండెను. 1913 నవంబరు 1న 'గదర్' పత్రిక మొదటి సంచిక వెలువడినది. 1914 మార్చిలో అమెరికా అధికారులు హరదయాళుని నిర్బంధించిరి. జామీనుపై బయటికి వచ్చి ఆయన యూరపునకు వెడలిపోయెను. కాలిఫోర్నియాలో విద్యార్థిగా నుండి గదర్ పక్షమున చేరి, తరువాత కారాగారవాస మనుభవించిన దరిశి చెంచయ్య మన ఆంధ్రుడే. ఆయన స్వీయచరిత్రమైన 'నేనూ నా దేశం' చదివినవారికి ఆ దినముల వాతావరణము కొంత తెలియును.

హాప్కిన్సన్ చేసిన పనికి ఏ ఒడంబడికయు లేదు. ఏ శాసనసభయు దానిని చర్చింపలేదు. ఒక్క మనిషిలో మూడు ప్రభుత్వముల కన్నులు కూడినవి. అతడు ఏ హద్దు మీరినను ఏ న్యాయస్థానమున ప్రశ్నింపవలెనో ఆ కూలీలకు తెలియదు; తెలిసినను వినువారు లేరు. 1914 మే 23న 376 మంది ప్రయాణికులతో 'కోమగాట మారు' నౌక వాంకూవరు రేవు చేరెను. రెండు నెలలు నీటిమీదనే నిలిపి, జూలై 23న దానిని తిరుగగొట్టిరి. ఆ వ్యవహారమందును హాప్కిన్సన్ ముఖ్యపాత్రధారి. సెప్టెంబరులో అతని వేగులవాడైన బేలాసింగు గురుద్వారములోనే తుపాకి కాల్చి ఇద్దరిని చంపెను. ఆ విచారణలో బేలాసింగు పక్షమున సాక్ష్యమిచ్చుటకు హాప్కిన్సన్ అక్టోబరు 21న న్యాయస్థానమునకు వచ్చి వేచియుండగా, మేవాసింగు అను సిక్కు అతనిని కాల్చి చంపెను. 1915 జనవరి 11న మేవాసింగును ఉరితీసిరి.

ఒకే సంఘటనకు రెండు ప్రజాభిప్రాయములు! వాంకూవరులోని శ్వేతజాతీయులు హాప్కిన్సనును విధి నిర్వహణములో నేలకొరిగిన వీరునిగా గౌరవించి ఘనముగా సాగనంపిరి. సిక్కులు మేవాసింగును నేటికిని అమరవీరునిగా స్మరించుచున్నారు. హత్యను మేము సమర్థింపము. కాని ఫిర్యాదు వినువాడు లేని చోట జనుల కోపము ఏ రూపము దాల్చునో చెప్పుట చరిత్రకారుని ధర్మము. 1860లో ఆండర్సన్ పక్షమువారు కోర్టు వెలుపల శాంతముగా నిలిచిరి; లోపల వాదించుటకు వకీలుండెను, వ్రాతలో వాక్యముండెను. కోమగాట మారు విషయమున కెనడా ప్రధానమంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పినది 2016 మే 18న. నూటరెండేండ్లకు!

ఇక మన కాలపు సంగతి. 1999 డిసెంబరులో అహమద్ రెస్సాం అనువాడు ప్రేలుడు పదార్థములను కారులో దాచుకొని కెనడా నుండి పడవలో దాటి అమెరికా రేవున పట్టుబడెను. ఇది నిజమైన యపాయము. 2001 సెప్టెంబరు 11న న్యూయార్కు, వాషింగ్టనులపై దాడి జరిగిన పిమ్మట, దుండగులు కెనడా నుండియే వచ్చిరని అమెరికాలో వదంతి పుట్టినది. పందొమ్మండుగురిలో ఒక్కడును కెనడా మార్గమున రాలేదు. అయినను వదంతి యేండ్ల తరబడి బ్రదికినది. ఆ వారములో విండ్సరు, డెట్రాయిటు నగరముల నడుమనున్న అంబాసిడరు వంతెన యొద్ద లారీలు బారులు తీరి నిలిచిపోయినవి; గంటలు లెక్కించి రావలసిన భాగములు రాక మోటారు కర్మాగారములు ఆగినవి. వర్తకులు, కర్మాగారముల యజమానులు, లారీలు తోలువారు, కూలివారు, ఏదో యొక యేర్పాటు త్వరలో చేయుడని ప్రభుత్వమును తొందరపెట్టిరి. వారిది న్యాయమైన కోరిక. కూలివాని పూట గడచుట వంతెన తెరచుటపై ఆధారపడియుండగా, స్వాతంత్ర్యమును గూర్చిన ఉపన్యాసము అతని చెవి కెక్కునా? డిసెంబరు 12న అట్టావాలో జాన్ మాన్లీ, టామ్ రిడ్జ్ అను మంత్రులు 'స్మార్టు బార్డరు' ప్రకటనపై వ్రాలు చేసిరి. అందు ముప్పది అంశములు. సామాన్యముగా ప్రజలు దానిని స్వాగతించిరి. సమాచారము పంచుకొనుట యను అంశమును గూర్చి పౌరహక్కుల సంఘములు తప్ప విశేషముగా నెవరును పట్టించుకొనలేదు.

పట్టించుకొనవలసినది దానినే యని ఒక్కయేడాదిలో తేలినది. మాహెర్ అరార్ సిరియాలో పుట్టిన కెనడా పౌరుడు; అట్టావా నివాసి; ఇంజనీరు. 2002 సెప్టెంబరు 26న ట్యూనిసు నుండి ఇంటికి పోవుచు న్యూయార్కు విమానాశ్రయమున మారుటకు దిగెను. అమెరికా అధికారులు అతనిని పట్టి, పండ్రెండు దినముల పిమ్మట అక్టోబరులో జోర్డాను మీదుగా సిరియాకు పంపివేసిరి. అచ్చట సమాధివంటి గదిలో నుంచి హింసించిరి. 2003 అక్టోబరులో విడుదలయయ్యెను. అతనిని పంపుటకు ఆధారమేమి? కెనడా పోలీసులు, అనగా రాయల్ కెనేడియన్ మౌంటెడ్ పోలీసువారు, తమ దర్యాప్తు పత్రములను వడగట్టకయే అమెరికా వారికి అందించిరి. అందు అతనిని అతని భార్యను అల్‌ఖైదాతో సంబంధముగల మతోన్మాదులుగా వర్ణించిరి. ఆ వర్ణనకు ఆధారము లేదు.

జనుల యొత్తిడివలన 2004లో విచారణ సంఘమేర్పడినది. న్యాయమూర్తి డెన్నిసు ఓకానర్ అధ్యక్షుడు. 2006 సెప్టెంబరులో ఆయన నివేదిక వెలువడినది: అరార్ ఏ నేరమును చేసినట్లు గాని, కెనడాకు ముప్పు కలిగించువాడని గాని సాక్ష్యమేమియు లేదు, కెనడా పోలీసులిచ్చిన తప్పుడు సమాచారముమీద ఆధారపడియే అమెరికా అతనిని పంపియుండుట మిక్కిలి సంభవము. పోలీసు అధిపతి పదవి వదలుకొనెను. 2007 జనవరిలో ప్రధాని స్టీఫెన్ హార్పరు క్షమాపణ చెప్పి, కోటి అయిదు లక్షల కెనడా డాలర్ల పరిహారమిచ్చెను. అమెరికా ప్రభుత్వము ఆ విచారణకు రాలేదు. అతడు అమెరికాలో వేసిన దావాను అచ్చటి న్యాయస్థానములు కొట్టివేసినవి. సుప్రీముకోర్టు 2010లో వినుటకే నిరాకరించినది. చెప్పినవాడు కెనడాలో, చేసినవాడు అమెరికాలో, కొట్టినవాడు సిరియాలో. మొఱ వినినది మూడింట నొక్కటియే.

కావుననే 2011 ఫిబ్రవరి 4న హార్పరు, ఒబామాలు సరిహద్దు వెలుపలనే అపాయమును కనిపెట్టు 'బియాండ్ ది బార్డరు' ప్రకటన చేసినపుడు జనులు పూర్వమువలె ఊరకుండలేదు. సార్వభౌమాధికారము పోవునని దేశాభిమానులు, ఆంతరంగిక విషయములు పరదేశము పాలగునని హక్కులవారు, సుంకపు చిక్కులు తీరునని వర్తకులు, తలకొక మాట పలికిరి. దానివలన పుట్టిన ఒక యేర్పాటును పరిశీలింతము. ఒక దేశమున ప్రవేశించిన తేదీయే రెండవ దేశము వదలిన తేదీ యగును. కావున ఆ లెక్కలను పరస్పరము పంచుకొనిన చాలును, వేరుగా నిష్క్రమణపు ఠాణాలక్కరలేదు. యుక్తి మెచ్చదగినదే. మొదట అన్యదేశస్థులకు మాత్రమన్నారు. 2018 చివరను చట్టము మార్చి, 2019 నుండి స్వపౌరులకును వర్తింపజేసిరి. ఆ లెక్కలతో నిరుద్యోగ భృతి, వృద్ధాప్యపు భృతి పొందువారు దేశమున నున్నారా లేరా యని చూచుటకును వీలు కల్పించిరి. ఉగ్రవాదిని పట్టుటకని త్రవ్విన కాలువలో చలికాలమున ఫ్లోరిడాకు పోవు ముసలివారును చిక్కిరి. తప్పుగా భృతి పొందుట ఒప్పని మేమనము. కాని ప్రజలను ఒప్పించినపుడు చెప్పిన పని వేరు, జరిగిన పని వేరు.

అన్ని యేర్పాటులు నొక్కరీతివి కావు. 2009లో కుదిరిన 'షిప్‌రైడరు' ఒప్పందము ప్రకారము ఉభయదేశముల అధికారులు ఒకే పడవలో సరస్సులను, తీరజలములను కాచుదురు. పడవ ఏ దేశపు నీటిలో నున్నదో ఆ దేశపు చట్టమే చెల్లును. ఆ దేశపు అధికారియే పెద్ద. దీనిపైనను ఆక్షేపణలు వచ్చినవి. అయినను ఎవరు ఎవరికి జవాబుదారియో వ్రాసిపెట్టినందున దీనిని మేము మెచ్చుకొందుము. 2017 నాటి ముందస్తు తనిఖీ చట్టమును అంతగా మెచ్చుకొనలేము. టొరొంటో మొదలగు విమానాశ్రయములలో అమెరికా అధికారులు కెనడా నేలమీదనే ప్రయాణికులను పరీక్షింతురు. పూర్వము ప్రయాణము మానుకొందునని చెప్పి మరలిపోవుటకు అడ్డులేదు. క్రొత్త చట్టమున, మరలిపోవువానిని సయితము ఏల మానుకొనుచున్నావని నిలిపి యడుగవచ్చును. కెనడా హక్కుల పత్రము అచ్చట వర్తించునని చట్టమునందే యున్నది. వర్తించుట వేరు, పరిహారము దొరకుట వేరు.

ఎల్ల గీచుటకు ముందునుండియు అచ్చట నివసించువారి మాట చెప్పక తీరదు. సెయింటు లారెన్సు నదిపైనున్న అక్వెసాస్నే మోహాక్ జాతివారి నేల. అంటారియో, క్విబెక్, న్యూయార్కు రాష్ట్రము - మూడింటను అది పరచుకొనియున్నది. 1794 నాటి జే ఒడంబడిక మూలవాసులు స్వేచ్ఛగా ఇటునటు తిరుగవచ్చునన్నది. కెనడా న్యాయస్థానములు ఆ మాటను తమ చట్టముగా అంగీకరింపలేదు. 1968 డిసెంబరులో మోహాకులు వంతెనను అడ్డగించిరి. 1988లో వారి నాయకుడు మైకు మిచెల్ దుప్పట్లు, బైబిళ్ళు, బట్టలు, తిండిపదార్థములు, బట్టలుతుకు యంత్రమొకటి ఎల్ల దాటించి, సుంకము కట్టనని బహిరంగముగా నిలిచెను. 2001లో సుప్రీముకోర్టు ఆయన కెదురుగా తీర్పు చెప్పినది. 2009లో కెనడా సరిహద్దు అధికారులకు తుపాకులిచ్చుటకు నిశ్చయింపగా, తమ ఇండ్ల నడుమ తుపాకులతో తిరుగవద్దని కార్నువాలు ద్వీపవాసులు ఠాణాముందు నిప్పు రాజేసి కూర్చుండిరి. మే 31 అర్ధరాత్రి అధికారులు ఠాణా వదలి పోయిరి. వంతెన కొన్ని వారములు మూతపడినది. పిమ్మట ఠాణాను ద్వీపము దాటించి కార్నువాలు పట్టణమున పెట్టిరి. దాని ఫలముగా, అమెరికా వైపునున్న చుట్టమును చూచి వచ్చు ద్వీపవాసి తన యింటిముందునుండియే సాగి, రెండవ వంతెన దాటి పట్టణమున హాజరు చెప్పుకొని, మరల వెనుకకు రావలెను. మిత్రరాజ్యముల భద్రతకు చెల్లింపబడు సుంకములలో నిదియొకటి. ఏ లెక్కలోను కనబడదు.

శరణార్థుల విషయము వేరు గ్రంథము కాదగినది. ముందు చేరిన దేశమునందే శరణు కోరవలెనను ఒప్పందము 2004 చివర అమలులోనికి వచ్చినది. ఠాణాలవద్ద మాత్రమే అది చెల్లుట చేత జనులు క్విబెక్‌లోని రాక్సమ్ బాటవంటి అడ్డదారులు పట్టిరి. 2022లో ఠాణాలు కాని చోట్ల దాటి పట్టుబడినవారు సుమారు 39 వేలు. 2023 మార్చి 25 నుండి సరిహద్దంతటికిని దానిని విస్తరించిరి. కెనడాలో కొందరు సంతసించిరి, కొందరు ఖేదపడిరి; ఒక్కొక్కయింటిలోనే రెండభిప్రాయములు.

2024 నవంబరులో డొనాల్డు ట్రంపు, మత్తుమందులును అక్రమ ప్రవేశకులును సరిహద్దు దాటి వచ్చుచున్నారను కారణముతో కెనడా సరకులపై సుంకము వేయుదునని బెదరించెను. ఆ యేడు సెప్టెంబరుతో ముగిసిన వత్సరమున అమెరికా ఉత్తర సరిహద్దున పట్టుబడిన ఫెంటానిల్ 43 పౌండ్లు. దక్షిణ సరిహద్దున సుమారు 21 వేల పౌండ్లు. అయినను కెనడా డిసెంబరులో 130 కోట్ల డాలర్లతో సరిహద్దు బలపరచు పథకము ప్రకటించి, హెలికాప్టరులు తెప్పించెను. 2025 జూన్ 3న 'బలమైన సరిహద్దుల' బిల్లు పార్లమెంటున ప్రవేశపెట్టిరి. వారంటు లేకుండ సమాచారము కోరు అధికారము, తపాలా తెరచుట, శరణు కోరికలపై ఆంక్షలు అందు గలవు. మూడువందలకు మించిన సంఘములు కలిసి దానిని ఉపసంహరింపుడనిరి. అక్టోబరు 8న ప్రభుత్వము అంత వివాదము లేని యంశములను వేఱు బిల్లుగా తెచ్చెను. స్నేహముతో కలిసిన చేయి వేరు, బెదరింపునకు చాపిన చేయి వేరని పత్రికలు వ్రాసినవి. ఆ మాటలో అతిశయోక్తి లేదు.

ఓకానర్ న్యాయమూర్తి 2006లోనే, పోలీసులపైనను సరిహద్దు అధికారులపైనను ఫిర్యాదులు వినుటకు స్వతంత్ర సంఘముండవలెనని సిఫారసు చేసియుండెను. బిల్లులు వచ్చినవి, పోయినవి. ఎన్నికలు వచ్చినవి, పోయినవి. సరిహద్దు సంస్థను కూడ ప్రశ్నింపగల సంఘమును స్థాపించు చట్టము 2024లో ఆమోదము పొందినది. పదునెనిమిదేండ్లు పట్టినది. ఆ సంఘము తన దేశపు అధికారులను మాత్రమే పిలిచి యడుగగలదు; పొరుగు దేశపు అధికారి వచ్చి జవాబు చెప్పవలెనను వాక్యము అందు లేదు.